లాక్‌డౌను కాలమున ఫుట్‌బాలు సాధన



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపఁ బూనిన విషయము మన గ్రామములకు మిక్కిలి దూరపుదని మీకుఁ దోఁచవచ్చును. జీతము పుచ్చుకొని ఫుట్‌బాలు ఆడెడి ఆటగాండ్రు, మహమ్మారి ప్రబలి దేశములకు దేశములే తలుపులు మూసికొన్నప్పుడు, తమ సాధనను సాగింపఁగలరా? సాగింపఁగలిగినను సాగింపవచ్చునా? ఇవి రెండు ప్రశ్నలు. మొదటిది శరీరమునకు సంబంధించినది. రెండవది ధర్మమునకు సంబంధించినది. 2020వ సంవత్సరమున ఐరోపాఖండమున ఈ రెంటిని ఒకటిగాఁ గలిపి వాదించిన వారివలననే చాల గందరగోళము పుట్టినది. నేను వీలయినంతవఱకు వానిని విడఁదీసి చెప్పెదను.

మనకు దీనితో నేమి పని యందురేమో. ఆ సంవత్సరము మార్చి నెల కడపట మన యూళ్లలో జరిగినది జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. పొలిమేర దారులకు అడ్డముగా ముండ్లకంపలు, వెదురుబొంగులు వేసి, పొరుగూరి చుట్టమును గూడ లోనికి రానీయక కావలి కాచిన పల్లెలెన్నియో కలవు. మార్చి 25వ తేదీ మొదలు దేశమంతట లాక్‌డౌను విధింపఁబడినది. అయినను పండిన వరి కోఁత కోయక మానలేదు. గేదెపాలు పిదుకక మానలేదు. రెండు మూఁడు దినములలోనే ప్రభుత్వమువారును వ్యవసాయపు పనులకు మినహాయింపు నిచ్చిరి. ఏ పని ఆగవచ్చును, ఏది ఆగరాదు, ఆగనిచో ఎట్లు చేయవలెను అను విచారము మనకును వచ్చినదే. ఆ విచారమునే ఇప్పుడు ఆటగాండ్ర విషయమునఁ జేయుదము.

మా యూరి రచ్చబండకడ ఈ ప్రస్తావన వచ్చినపుడు ఒక పెద్దమనిషి, "కోట్లు గడించువారు నాలుగు నెలలు బంతి తన్నకున్నచో మునిఁగిపోవునదేమి?" అని యడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. కోట్లు గడించువారు కలరు, లేకపోలేదు. కాని వారు శిఖరమున నున్న కొందఱు మాత్రమే. రెండవ మూఁడవ తరగతుల జట్లలో ఆడువారు మన పట్టణపు గుమాస్తావలెనే నెలజీతముపై సంసారము నీడ్చుకొనువారు. ఒక్కొక్క క్లబ్బు వెనుక వంటవారు, బట్టలుదుకువారు, పచ్చిక కత్తిరించువారు, ద్వారమునొద్ద టిక్కెట్లు చింపువారు ఎందఱో కలరు. మఱియొక సంగతి. మేము బడిపంతుళ్లము అఱువదియేండ్లు దాఁటువఱకుఁ బనిచేసి పింఛను పుచ్చుకొందుము; ఫుట్‌బాలు ఆటగానికి ముప్పదినాలుగు ముప్పదియైదేండ్లకే ముసలితనము. పదునైదేండ్ల వృత్తిలో ఒక సంవత్సరము పోయినచో అది తిరిగి రాదు. కావున ఇది ఆటయే యైనను, వానికి మాత్రము పని. వాని పనిముట్టు వాని దేహమే. నాఁగలిని ఒక ఋతువు చావడిలో మూలవేసినచో త్రుప్పు తుడిచి మరల దున్నవచ్చును. దేహము మూలవేయుట అంత సులభము కాదు.

ఈ యాట చూడనివారికై రెండు మాటలు. పక్షమునకుఁ బదునొకండుగురు. ఆటస్థలము సామాన్యముగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అనఁగా మన కొలతలో సుమారు ఒకటిముప్పాతిక ఎకరము. ఆ చేను నిండ 90 నిమిషములసేపు బంతివెంటఁ బరుగిడుటలో ఒక్కొక్కఁడు పది పండ్రెండు కిలోమీటర్లు తిరుగును. అదియు నొకే తీరున నడచు నడక కాదు. నిలుచుండును, నడచును, ఒక్కుమ్మడి బాణమువలె దూసికొనిపోవును, చప్పున ఆగి ప్రక్కకు మఱలును. ఎదుటివాఁడు భుజముతోఁ దాఁకును, కాలడ్డును.

ఇట్టివాఁడు సాధన మానినచో దేహమున మొదటఁ దగ్గునది నెత్తుటిలోని ద్రవభాగమని వైద్యులు చెప్పుదురు. కొలఁది దినములలోనే అది తగ్గును. అందువలన గుండె ఒక్కొక్క దెబ్బకుఁ బంపెడి రక్తము కొఱఁతపడి, మునుపటి పరుగునకే ఇప్పుడు మఱింత వేగముగాఁ గొట్టుకొనవలసి వచ్చును. రెండు మూఁడు వారములు గడచునప్పటికి దమ్ము స్పష్టముగాఁ దగ్గును. కండబలము అంత త్వరగాఁ బోదు. ఒక నెల వఱకును చాలభాగము నిలుచును. అన్నిటికంటె మోసకరమైనది తొడవెనుకటి కండరములయు, పిక్కలయు, నరపుత్రాళ్లయు స్థితి. అవి మెల్లని పరుగునకు బాగుగనే యున్నట్లు కనఁబడును. పూర్తివేగమునఁ బరుగెత్తి చప్పున ఆగినపుడే వాని లోపము బయటపడును. అప్పటికిఁ జేయునది లేదు. ఆటగాఁడు పిక్క పట్టుకొని క్రిందఁ గూర్చుండును.

ఇఁక జరిగిన కథకు వచ్చెదను. మార్చి 9వ తేదీన ఇటలీ ప్రభుత్వము ఆటలన్నిటిని ఆపివేసెను. 12వ తేదీన స్పెయినుదేశపు లీగు ఆగినది. ఆ రాత్రియే ఇంగ్లండులో ఆర్సెనల్ క్లబ్బు ప్రధాన శిక్షకుఁడు మికెల్ ఆర్టెటాకు కోవిడ్ సోఁకినట్లు తెలియవచ్చెను. మఱునాఁడు ఇంగ్లండు, జర్మనీ, ఫ్రాన్సు దేశముల లీగులన్నియు నిలిచిపోయినవి. క్లబ్బుల సాధనాస్థలములకుఁ దాళములు పడినవి.

ఇంటిలోఁ జేయఁదగిన సాధన ఏదో దానిని వారు చేయకపోలేదు. మ్యూనిక్ నగరపు బాయర్న్ క్లబ్బువారు మార్చి నెలలోనే ఆటగాండ్రనందఱిని వీడియో మూలముగా ఒక్క తెరమీఁదికిఁ జేర్చి, శిక్షకులు చెప్పినట్లు అందఱును ఒకే వేళ వ్యాయామము చేయునట్లు ఏర్పాటు కావించిరి. దీనికి సైబరు శిక్షణ యని పేరు. కదలని సైకిళ్లు తొక్కిరి, కాలిక్రింద పట్టా తిరుగు యంత్రములపైఁ బరుగిడిరి, బరువులెత్తిరి. దమ్మును, కండబలమును నిలుపుకొనుటకు ఇది చాలవఱకుఁ బనికివచ్చును. అయితే అందఱి యిండ్లును ఒక తీరువి కావు. ఇంటివెనుక పచ్చికతోఁట గలవాఁడు బంతితోఁ గూడ సాధన చేసికొనును. మేడమీఁది రెండు గదుల బసలో భార్యాబిడ్డలతో నుండువాఁడు ఎచ్చటఁ బరుగిడును? లాక్‌డౌను అందఱికి నొకటే యనుట మాటవరుసకే. ఇంగ్లండులో పురుషుల పెద్దలీగు పునఃప్రారంభమైనను, స్త్రీల పెద్దలీగును మాత్రము మే 25వ తేదీన అర్ధాంతరముగా ముగించివేసిరి. జర్మనీలో స్త్రీలును మే నెల కడపట తిరిగి ఆడిరి. కావున అది అసాధ్యమని చెప్పుటకు వీలులేదు. వ్యయమునకు వెనుదీసిరని నా యభిప్రాయము.

ఒంటరి సాధనకుఁ గల మేరను గూర్చి నా చదువునుండి యొక పోలిక చెప్పుదును. చిన్ననాఁడు మేము శబ్దమంజరి వల్లించితిమి. దానిని గోడకెదురుగాఁ గూర్చుండి ఒంటరిగానే వల్లింపవచ్చును. పది దినములు గురువు రాకున్నను నష్టము లేదు. కాని తర్కమున వాదము నేర్చుకొనవలెనన్నచో ఎదుటఁ బ్రతివాది యుండితీరవలెను. గోడ మనకుఁ బూర్వపక్షము చెప్పదు. తాలింఖానాలోను ఇంతే గదా. దండీలు, బస్కీలు ఇంటఁ దీయవచ్చును; కుస్తీపట్టునకు రెండవ మల్లుఁడు కావలెను. ఫుట్‌బాలునందు దమ్ము, బలము శబ్దమంజరి వంటివి. ఎదుటివాఁడు మీఁదఁబడుచుండఁగా బంతిని ఎవరి కందింపవలెనో అర నిమేషమున నిశ్చయించుట వాదము వంటిది. మొదటిది లాక్‌డౌనులో నిలుచును, రెండవది నిలువదు. ఏ యంత్రమును దానిని నిలుపఁజాలదు.

శిక్షకులు ఈ సంగతి యెఱుఁగుదురు గనుకనే వారికి ఆత్రము. ఏప్రిల్ 7వ తేదీన లండనులో నొక సంగతి జరిగినది. అప్పటికి రెండు వారముల క్రిందటనే, మార్చి 23వ తేదీన, ఆ దేశ ప్రధానమంత్రి ప్రజలందఱిని ఇండ్లనుండి కదలవలదనియు, దినమునకొక్క మాఱు మాత్రము వ్యాయామమునకు వెలుపలికిఁ బోవచ్చుననియు శాసించియుండెను. టాటన్‌హామ్ క్లబ్బు ప్రధాన శిక్షకుఁడు జోసె మొరీన్యొ, జగత్ప్రసిద్ధుఁడు, హాడ్లీ కామన్ అను బయలులో తన యాటగాఁడైన ఎండొంబెలేకు శిక్షణ మిచ్చుచుండఁగా ఎవరో ఛాయాచిత్రము తీసిరి. ఆ క్లబ్బువారే మఱియిద్దఱు ప్రక్కప్రక్కనఁ బరుగెత్తుచున్న చిత్రమును వెలువడినది. దేశమంతయు గగ్గోలు పెట్టెను. తాను చేసినది ప్రభుత్వనియమమునకు విరుద్ధమని ఆయన యొప్పుకొనెను. నాకు ఆయన యాతురతపైఁ గోపము లేదు. ఉపాధ్యాయుఁడు శిష్యుఁడు వెనుకఁబడునేమో యని తల్లడిల్లుట నేనెఱుఁగుదును. కాని ఆ వారములలోనే ఎందఱో తమ తల్లిదండ్రుల అంత్యక్రియలకుఁ గూడ పోలేకపోయిరి. వారికొక న్యాయము, బంతి తన్నువానికొక న్యాయము ఎట్లు కుదురును? ఇది శరీరమున కాదు, ధర్మమున వచ్చిన చిక్కు. అందఱికి మూసిన దారిని ఒక్కఁడు దాఁటరాదు. తెఱవవలెనన్నచో నియమము పెట్టి, బహిరంగముగాఁ దెఱవవలెను.

అట్లు తెఱచినవారు జర్మనులు. ఏప్రిల్ 6వ తేదీనుండియే అచ్చటి క్లబ్బులు చిన్న చిన్న జట్లుగాఁ జీలి, ఒకరినొకరు తాఁకకుండ సాధన నారంభించినవి. జర్మను జాతీయజట్టు వైద్యుఁడు టిమ్ మేయరు ఆధ్వర్యమున నొక సంఘము నియమావళి వ్రాసెను. ఆటగాండ్రకును శిక్షకులకును మాటిమాటికి పరీక్షలు జరిపిరి. మొదటి విడతలో 1,724 పరీక్షలు చేయఁగా 10 మందికి వ్యాధి యున్నట్లు తేలినదని మే 4వ తేదీన ప్రకటించిరి. వృద్ధాశ్రమములకుఁ జాలని పరీక్షలు బంతియాటకేల యని చాలమంది ఆక్షేపించిరి. దేశమునఁ గల పరీక్షాశక్తిలో తాము వాడుకొనునది అత్యల్పభాగమేనని లీగువారు సమాధానము చెప్పిరి. ఈ సమాధానము లెక్కకు సరియైనదే. మనస్సునకు మాత్రము పూర్తిగా నచ్చదు. మే 6వ తేదీన ప్రభుత్వము అనుమతించెను. పోటీలకు ముందు జట్లను హోటళ్లలో నిర్బంధించిరి. ఆగ్స్‌బర్గ్ జట్టు శిక్షకుఁడు హెర్లిక్ అనునాయన ఆ నిర్బంధమునుండి పండ్లుతోముకొను పేస్టు కొనుక్కొనుటకై అంగడికిఁ బోయి, ఆ మాట పత్రికలవారితోఁ దానే చెప్పి, తన మొదటి పోటీకిఁ దానే దూరమయ్యెను! నవ్వు వచ్చును గాని, నియమమనఁగా నట్లే యుండవలెను.

మే 16వ తేదీన పోటీలు తిరిగి మొదలైనవి. ఎనుబది వేలకు మించి జనము పట్టెడి డార్ట్‌మండ్ స్టేడియమున ఒక్క ప్రేక్షకుఁడైన లేఁడు. బంతి తన్నిన చప్పుడు, శిక్షకుని కేక మాత్రమే వినవచ్చినవట. గోలు కొట్టినవారు కౌఁగిలించుకొనరాదు గనుక మోచేతులు తాఁకించుకొనిరి. ఆ దినము డార్ట్‌మండ్ జట్టులో మొదటినుండి ఆడవలసియున్న జియో రేనా అను పదునేడేండ్ల పిల్లవాఁడు, పోటీకి ముందు ఒడలు వేఁడిచేసికొనుచున్నప్పుడే పిక్క పట్టి, ఆడకయే తప్పుకొనెను. పిక్కల మాట నేను మునుపే చెప్పితిని.

ఈ కథలో నా మనస్సునఁ జాలకాలము నిలిచినది డ్రెస్డెన్ నగరపు డైనమో జట్టు సంగతి. వారు జర్మనీ రెండవ తరగతిలో ఆడుచుండిరి. పోటీలు నిలిచిననాఁటికే పట్టికలో అట్టడుగున నుండిరి. మే 9వ తేదీన వారి యాటగాండ్రలో ఇద్దఱికి వ్యాధి తేలినది. స్థానిక ఆరోగ్యాధికారులు జట్టునంతటిని, శిక్షకులతోఁ గూడ, 14 దినములు ఇండ్లు కదలరాదని యుత్తరువు చేసిరి. అధికారులు చేసినది తప్పు కాదు. తక్కిన పదునేడు జట్లు మైదానమున గుంపుగా సాధన చేయుచుండఁగా, వీరు మాత్రము నాలుగు గోడలనడుమ ఒంటరి వ్యాయామమునకుఁ దిరిగిపోవలసివచ్చెను. 16వ తేదీన ఆ తరగతి పోటీలును ప్రారంభమైనవి. వీరి కొఱకు ఎవరును ఆగలేదు. మే 31వ తేదీన వీరు మొదటి పోటీకి వచ్చి, స్టుట్‌గార్ట్ జట్టు చేతిలో 0-2గా నోడిరి. అది మొదలు జూను 28వ తేదీ వఱకు, 29 దినములలో, 9 పోటీలు ఆడవలసివచ్చెను. అనఁగా మూఁడు దినముల కొకటి. దమ్ము కూడఁగట్టుకొనుటకుఁ దీఱిక లేదు, కూడఁగట్టుకొన్నది నిలుపుకొనుటకును దీఱిక లేదు. ఒక ఓటమి పిమ్మట వారి యాటగాఁడొకఁడు టెలివిజను ఎదుట కన్నీరు ఆపుకొనలేక, ఆ పోటీల పట్టిక వేసినవారు తమను గూర్చి ఒక్క క్షణమైనఁ దలఁచిరా యని వాపోయెను. తుదకు ఆ జట్టు కడపటి స్థానమున నిలిచి మూఁడవ తరగతికి దిగజాఱినది. వారు ఎట్లైనను దిగజాఱియుందురేమో. ముందునుండియు అట్టడుగువారే గదా. అయినను వారి ఓటమిని తూచిన త్రాసు సరియైనది కాదని నేననుకొందును. మఱుసటి సంవత్సరమే వారు మూఁడవ తరగతిలో ప్రథములై తిరిగి పైకి వచ్చిరి.

ఈ డ్రెస్డెను కథ విని, "చూచితిరా, సాధన ఆగినచో జట్టు పాడగును" అని కొందఱు వాదింతురు. అది పూర్తిగా నిజము కాదు. ఎందువలననఁగా ఫ్రాన్సుదేశమున మఱియొక విధముగా జరిగినది. ఏప్రిల్ 28వ తేదీన ఆ దేశ ప్రధానమంత్రి ఆ సంవత్సరపు లీగు ఇఁక ఆడరాదని ప్రకటించెను. హాలెండు అంతకు నాలుగు దినములు ముందే ముగించి, ఎవ్వరికిని విజేతయను పేరీయక వదలివేసెను. ఫ్రాన్సులోని లియాన్ జట్టు మార్చి మొదటివారము పిమ్మట లీగుపోటీ ఆడియెఱుఁగదు. దాని యధ్యక్షుఁడు, మా జట్టు నాశనమైనది, ఆగస్టులో ఐరోపా పోటీలకు ఏ ముఖముతోఁ బోదుమని మొఱపెట్టుకొనెను. అయితే ఆ జట్టు జూనులో నెమ్మదిగా సాధన మొదలిడి, అంచెలంచెలుగాఁ దమ్ము పెంచుకొని, ఆగస్టులో ఇటలీవారి జువెంటసును దాఁటి, 15వ తేదీన లిస్బను నగరమున మాంచెస్టర్ సిటీ జట్టును 3-1గా నోడించి, సెమీఫైనలు చేరెను. ఫ్రాన్సువారిదే యగు పారిస్ జట్టు ఫైనలు చేరి 0-1గా నోడినది. గెలిచినది ఎవరందురా? మ్యూనిక్ వారు, ఇంటినుండి వీడియోలో వ్యాయామము చేసినవారే.

కావున నేను నిశ్చయించుకొన్న దేమనఁగా, ఆటగానిని చెఱుపునది ఆగుట కాదు. ఆగిన పిమ్మటి తొందర. లియాన్ వారు రెండు నెలలకుఁ బైగా మైదానమునకు దూరముగా నుండిరి. కాని మరల నిలఁద్రొక్కుకొనుటకు వ్యవధి దొరికినది. డ్రెస్డెను వారు దూరమైనది రెండు వారములే. వ్యవధి మాత్రము దొరకలేదు. పథ్యము చేసి లేచినవానికి మొదట గంజి, పిదప జావ, ఆ పిదపనే అన్నము పెట్టుదుము. ఫుట్‌బాలు పాలకులు కొందఱు గంజి త్రావినవానిని విందుకుఁ గూర్చుండఁబెట్టిరి. ఈ తప్పు వారికిఁ గొంత తెలియకపోలేదు. మే 8వ తేదీన ఆట నియమములనే సడలించి, ఒక పోటీలో ముగ్గుఱికి బదులు ఐదుగుఱు ఆటగాండ్రను మార్చుకొనవచ్చునని అనుమతించిరి. పోటీలు త్వరపెట్టుచునే గాయములకు మందు వెదకినట్లయినది.

వ్యాధి సోఁకినవాని సంగతి వేఱు. వాఁడు జ్వరము తగ్గినదని లేచి పరుగెత్తరాదు. ఈ వ్యాధి కొందఱిలో గుండెకండరమునకు వాపు తెచ్చును. ఆ స్థితిలో గట్టిగా శ్రమించుట ప్రాణాపాయము. బాయర్న్ జట్టు ఆటగాఁడు అల్ఫోన్సో డేవిస్‌కు 2022 జనవరిలో కోవిడ్ సోఁకిన పిమ్మట గుండె పరీక్షించి చూడఁగా స్వల్పమైన వాపు కనఁబడెను. పరీక్షింపకయే పంపియున్నచో ఏమగునో! ఏప్రిల్ వఱకును ఆతనిని ఆడనీయలేదు. ఇరువదియొక్క యేండ్ల వయస్సున, గాలితోఁ బందెము వేయువాఁడు, మూఁడు నెలలు ఊరకుండెను. ఇచ్చట సాధన మానుటయే సాధన.

మన తెలుగువారికి ఈ కథతో సంబంధము లేకపోలేదు. 2020 నవంబరు నెలలో ఇండియన్ సూపర్ లీగును జరుపునపుడు పదునొకండు జట్లను గోవాకుఁ దరలించి, హోటళ్లలో నిర్బంధించి, పరీక్షలు చేయుచు, ప్రేక్షకులు లేకుండ ఆడించిరి. హోటలు, సాధనాస్థలము, స్టేడియము. ఈ మూఁటి నడుమనే నెలల తరబడి రాకపోకలు. మఱుసటి సంవత్సరమును అట్లే. హైదరాబాదు పేరు పెట్టుకొన్న జట్టు ఆ రెండు సంవత్సరములును తన నగరమున ఒక్క లీగుపోటీయైన ఆడక, 2022 మార్చి 20వ తేదీన గోవాలోనే కేరళ జట్టును పెనాల్టీలలో నోడించి విజేతయైనది. ఆ దినము గోలు కాచిన కట్టిమణి మూఁడు పెనాల్టీలను ఆపెను. ఒకప్పుడు హైదరాబాదు ఫుట్‌బాలునకుఁ బుట్టినిల్లువంటిది. 1962లో ఆసియా క్రీడలలో బంగారుపతకము తెచ్చిన భారతజట్టునకు శిక్షణ యిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు ఆ నగరమువారే, వృత్తిచేత బడిపంతులు. ఆ మాట చెప్పుకొనుటలో నాకుఁ గొంత స్వార్థము కలదు, క్షమింపుఁడు.

ఆటగాండ్రను బోనున బెట్టినట్లు గోవాలో నుంచుట మంచిదా యని అడిగిన, వ్యాధిని ఆపుటకు మంచిదే, కుటుంబమునకు మంచిది కాదని చెప్పుదును. ఇచ్చట మూఁడవ ప్రశ్న యొకటి పుట్టుచున్నది. సాధన సాగింపఁగలఁడు, సాగింపవచ్చును అనుకొందము. "నేను రాను" అనుటకు ఆటగానికి అధికారము కలదా?

ఈ ప్రశ్న ఇంగ్లండులో తలయెత్తినది. అచ్చట క్లబ్బులు మే 18వ తేదీన ఏకగ్రీవముగాఁ దీర్మానించి, మఱునాటినుండి చిన్నజట్ల సాధన మొదలుపెట్టినవి. ఒక్కొక్క జట్టున ఐదుగుఱకు మించరాదు, 75 నిమిషములకు మించరాదు, ఒకరినొకరు తాఁకరాదు. బంతులను, గోలుకొయ్యలను మందునీటితోఁ దుడిచిరి. మొదటి పరీక్షలలో 748 మందిలో ఆఱుగుఱికి వ్యాధి తేలినది. మే 27వ తేదీన తాఁకి ఆడు సాధనకును అనుమతి వచ్చినది. జూను 17వ తేదీననే పోటీలు. మూఁడు వారములు! ఆ దినము మాంచెస్టరులో ఆడిన ఆర్సెనల్ జట్టువారిలో ఇద్దఱు తొలి అరగంటలోపుననే గాయపడి వెలుపలికి వచ్చిరి.

ఆ చిన్నజట్ల సాధనకు రానన్నవారు ఇద్దఱు ముగ్గురు కలరు. చెల్సీ జట్టు ఆటగాఁడు కాంటే తనకు భయముగా నున్నదని చెప్పఁగా, ఆ క్లబ్బువారు ఇంటనే సాధన చేసికొమ్మని యనుమతించిరి. వాట్‌ఫర్డ్ జట్టు నాయకుఁడు ట్రోయ్ డీనీ తన యింట ఐదు నెలల పసివాఁడున్నాఁడనియు, వానికి ఊపిరి తీసికొనుటలో ఇబ్బంది కలదనియు, వానికిఁ బ్రమాదము తెచ్చుపనికిఁ దాను రాననియు చెప్పెను. నల్లవారికిని ఆసియావారికిని ఈ వ్యాధివలన ప్రమాదము హెచ్చని చెప్పుచున్నారే, దానికి మీ జవాబేమని లీగువారినే అడిగెను. అడిగిన ప్రశ్నకు వారియొద్ద సరియైన జవాబు లేకపోయెను. కొందఱు ఆతనిని పిఱికివాఁడని తిట్టిరి. ఆతని బిడ్డకు కీడు కోరుచు సందేశములు గూడ పంపిరి. అంతటి పాపపు మాట యే నోట వచ్చినదో! తన చూడికట్టిన యావు కొట్టమున నుండఁగా మన రైతు సంతకు గాలికుంటు తగిలిన యెద్దును తోలుకొని రాఁడు గదా. తండ్రి పసిబిడ్డను గూర్చి అంతమాత్రము తలఁపరాదా?

డీనీ తన ప్రశ్నలకు వైద్యాధికారులతోఁ గూర్చుండి జవాబులు విని, తృప్తిపడిన పిమ్మట జూను మొదట సాధనకు వచ్చెను. ఆతఁడు వచ్చునప్పటికి తక్కినవారు చిన్నజట్లలోఁ గొన్ని దినములు ముందే పరుగిడియుండిరి. జూలై 26వ తేదీన, ఆ సంవత్సరపు కడపటి పోటీలో, ప్రేక్షకులు లేని ఆర్సెనల్ మైదానమున, వాట్‌ఫర్డ్ జట్టు అప్పటికే 0-3గా వెనుకఁబడియుండఁగా దొరికిన పెనాల్టీని డీనీయే తన్ని గోలు చేసెను. వారు 2-3గా నోడి రెండవ తరగతికి దిగిపోయిరి. ఆ సాయంకాలము ఆతఁడు పసివాఁడున్న యింటికిఁ దిరిగి వెళ్లెను.